తోలు ఒర: మెత్తదనం కన్నా బిగువే మిన్న

పిస్టల్‌ను గాని రివాల్వర్‌ను గాని నడుముకు కట్టుకొని తిరగడానికి తోలుతో కుట్టిన ఒరను హోల్‌స్టర్ అంటారు. చెప్పులు, బెల్టులు, చేతిసంచుల వరుసలోనే దాన్నీ చేర్చి, వాటికి పూసే నూనెలు, పాలిష్‌లే దీనికీ పూసి, అది మెత్తగా నిగనిగలాడుతూ ఉంటే బాగా చూసుకొంటున్నట్టేనని భావించడం పరిపాటి. నిజానికి ఒర చేసే పని వేరు కాబట్టి దాని సంరక్షణ కూడా వేరుగానే ఉండాలి. మనిషి పరుగెత్తినా వంగినా ఆయుధం జారిపోకుండా పట్టి ఉంచడం, ట్రిగ్గర్‌కు వేలుగాని మరే వస్తువుగాని తగలకుండా పూర్తిగా కప్పి ఉంచడం, ఆయుధాన్ని బయటికి తీసిన తరువాత కూడా నోరు ముడుచుకుపోకుండా నిలబడడం అనే మూడు పనులూ తోలు బిగువు మీదే ఆధారపడి ఉంటాయి. చెప్పుకు, సంచికి సుగుణమైన మెత్తదనం ఒరకు దోషమవుతుంది.

ఈ దోషం అందానికి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. ఏళ్ల తరబడి వాడిన ఒర నోటి దగ్గర తోలు మెత్తబడి లోపలికి మడత పడినప్పుడు, ఆయుధాన్ని తిరిగి లోపలికి తోస్తుంటే ఆ మడత ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు కట్టులోకి, అంటే ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరి, వేలు చేసే పనిని తాను చేస్తుంది. లోపల తూటా ఉన్న పిస్టల్ ఆ ఒత్తిడికి పేలితే గుండు కట్టుకొన్నవారి తుంటిలోకో తొడలోకో దిగుతుంది. విడిగా సేఫ్టీ మీట లేని ఆధునిక పిస్టళ్లలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కాబట్టి తోలు ఒరను శుభ్రం చేయడం, కాపాడడం అంటే మొదట దాని ఆకారాన్ని కాపాడడమని, మెరుపు ఆ తరువాతి సంగతేనని గ్రహించాలి.

లందలో మొదలయ్యే కథ

ఏ పదార్థం ఒరను చెడగొడుతుందో, ఏది కాపాడుతుందో తెలియాలంటే అది తయారయ్యే తీరు కొంత తెలియాలి. పశువు చర్మంలో ప్రధానంగా ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు; దాని పోగులు ఒకదానితో ఒకటి అల్లుకొని నేతలా ఉంటాయి. పచ్చి తోలును అలాగే వదిలేస్తే కుళ్లిపోతుంది, ఎండబెడితే పెళుసుబారుతుంది. ఈ రెండూ జరగకుండా పోగుల మధ్యకు వేరే పదార్థాన్ని ఎక్కించి స్థిరపరచడాన్నే తోలును పదును చేయడం అంటారు. కరక్కాయ, తుమ్మచెక్క నోట్లో పెట్టుకొంటే తెలిసే వగరుకు కారణమైన టానిన్లు ఇందుకు పనికివస్తాయి. మొక్కల నుంచి తీసిన టానిన్లతో చేసేది మొక్కల పదును, క్రోమియం లవణాలతో చేసేది క్రోమ్ పదును. క్రోమ్ తోలు మెత్తగా సాగుతూ బూట్ల పైభాగాలకు, దుస్తులకు సరిపోతుంది. మొక్కల టానిన్లతో పదునైన తోలు దళసరిగా, బిగువుగా, ఒకసారి ఇచ్చిన ఆకారాన్ని పట్టుకొని ఉండే గుణంతో తయారవుతుంది కనుక మంచి ఒరలన్నీ దాదాపు దానితోనే కుడతారు.

ఈ మొక్కల పదునుకు తెలుగు నేలతో గట్టి సంబంధమే ఉంది. తోళ్లను నానబెట్టే తొట్టిని లంద అని పిలిచే పల్లెల్లో తంగేడు చెక్క, కరక్కాయ తరతరాలుగా పదునుకు వాడిన సరుకులు. నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవం పొందుతున్న తంగేడు బెరడుతోనే పాత మద్రాసు రాష్ట్రంలోని తోళ్ల కర్మాగారాలు పదును చేసిన సరుకు 'ఈస్ట్ ఇండియా' తోలు అనే పేరుతో విదేశాలకు పెద్దఎత్తున ఎగుమతి అయ్యేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు ఆ తోలును విస్తారంగా వినియోగించారు. తరువాత దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన వాటిల్ బెరడు తంగేడు స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. 1948లో చెన్నైలో నెలకొల్పిన కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ ఈ రంగంలో దేశానికి ప్రధాన శాస్త్రీయ కేంద్రంగా కొనసాగుతోంది.

పదునైన తోలులో ఒరకు ఎంచుకొనేది సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆవు లేదా గేదె తోలు. కత్తిరించి కుట్టిన తరువాత దాన్ని నీటిలో ముంచి, తడిగా ఉన్నప్పుడే ఆయుధపు నమూనాను లోపల దించి, పైనుంచి ఎముకతోనో నున్నని కర్రతోనో గట్టిగా నొక్కి, ఆయుధపు ఒంపుసొంపులన్నీ తోలు మీద అచ్చుపడేలా చేస్తారు. నీరు చేరినప్పుడు పోగులు ఒకదానిమీద ఒకటి జరగడానికి వీలవుతుంది, తేమ నెమ్మదిగా ఆరిపోగానే అవి జరిగిన చోటే బిగిసిపోతాయి. తడి అచ్చు అనదగిన ఈ ప్రక్రియే ఒరకు పట్టునిస్తుంది. టిచ్‌ బటన్‌తో బిగించే పట్టీ అదనపు భద్రత మాత్రమే. ఇక్కడే సంరక్షణ సూత్రమంతా ఇమిడి ఉంది: తయారీలో నీరు, ఒత్తిడి కలిసి ఇచ్చిన ఆకారాన్ని, అదుపు లేకుండా తగిలే నీరు, వేడి, ఒత్తిడి తుడిచిపెడతాయి.

జీను మీది నుంచి నడుము మీదికి

పూర్వం గుర్రపు సైనికుల పిస్టళ్లు పొడవుగా, బరువుగా ఉండేవి కనుక వాటిని జీనుకు ముందువైపు జంటగా వేలాడే తోలు గొట్టాల్లో ఉంచేవారు. 1836లో అమెరికాలో శామ్యూల్ కోల్ట్ రివాల్వర్‌కు పేటెంటు పొందిన తరువాత క్రమంగా చిన్నవైన ఆయుధాలు నడుము మీదికి చేరాయి. వాన, దుమ్ము నుంచి కాపాడడానికి సైన్యాలు పైన పెద్ద మూత ఉన్న ఒరలను ఇష్టపడితే, అమెరికా పశ్చిమ ప్రాంతపు గుర్రపు రౌతులు, బంగారు గనుల అన్వేషకులు మూత లేకుండా ఆయుధానికి అతుక్కుపోయినట్టుండే సన్నని ఒరలను వాడారు. 1870ల నుంచి వెనుకవైపు వెడల్పాటి తోలు పలకకు కోసిన గాట్లలోంచి ఒరను దూర్చే మెక్సికన్ పద్ధతి వ్యాపించింది. సినిమాల్లో కనిపించే కౌబాయ్ ఒరకు మూలం అదే.

భారతదేశానికి సంబంధించిన ఘట్టం ఒకటి ఈ చరిత్రలో ముఖ్యమైనది. 1858 ఆగస్టు 31న నేటి ఉత్తరప్రదేశ్‌లోని సీర్‌పురా వద్ద జరిగిన పోరులో ఎడమచేతిని పోగొట్టుకొన్న శామ్ బ్రౌన్ అనే బ్రిటిష్ అధికారి, ఒంటిచేత్తో ఊగిసలాడే కత్తి ఒరను అదుపు చేయడం కష్టమై, నడుముపట్టీకి భుజం మీదుగా ఏటవాలుగా మరో పట్టీని జోడించాడు. కత్తి, పిస్టల్ బరువును భుజానికి పంచే ఆ ఏర్పాటు శామ్ బ్రౌన్ బెల్టుగా ప్రపంచంలోని అనేక సైన్యాలకు, పోలీసు దళాలకు పాకింది. మన పోలీసు అధికారులు ఉత్సవ కవాతుల్లో ధరించే క్రాస్‌బెల్టు దాని సంతతే. రోజువారీ విధుల్లో నైలాన్, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ఒరలు ఇప్పుడు తోలును చాలాచోట్ల పక్కకు నెట్టినా, చప్పుడు చేయకపోవడం, ఒంటికి ఒదగడం, ఆయుధపు పూతను గీరకపోవడం వంటి గుణాల వల్ల తోలు ఒరను ఎంచుకొనేవారు ఇంకా ఉన్నారు.

నీరు, వేడి, చెమట

వానలో తడిసిన ఒరను చూడగానే త్వరగా ఆరబెట్టాలనే ఆత్రం కలగడం సహజం, కాని ఎక్కువ నష్టం ఆ ఆత్రంలోనే ఉంది. మొక్కల పదునుతో తయారైన తోలు తడిగా ఉన్నప్పుడు దాదాపు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి తగిలితే కొల్లాజెన్ పోగులు ఒక్కసారిగా కుంచించుకొని, మళ్లీ కోలుకోలేని విధంగా గట్టిపడతాయి. పాతబడిన తోలులో ఈ మార్పు ఇంకా తక్కువ వేడికే వస్తుంది. పొయ్యి పక్కన, హీటర్ ముందు, నడివేసవి ఎండలో ఆరబెట్టిన ఒర ముడుచుకొని చిట్లడానికి కారణం ఇదే. వేసవిలో ఎండలో నిలిపి అద్దాలు మూసిన కారులో డ్యాష్‌బోర్డు వంటి ఉపరితలాలు 70 డిగ్రీలు దాటడం సాధ్యమే కాబట్టి చెమటతో తడిసిన ఒరను కారులో వదిలేయడం కూడా అదే కోవలోకి వస్తుంది.

తడిసిన ఒరను పొడి గుడ్డతో అద్ది, గాలి తగిలే నీడలో, లోపల ఆకారం నిలిచేలా ఏదైనా ఉంచి, కనీసం ఒక రోజంతా వదిలేయాలి. ఆయుధపు కొలతలకు సరిపోయే ప్లాస్టిక్ నమూనా దొరికితే అన్నిటికన్నా మేలు. అది లేనప్పుడు, తూటాలు తీసి మరీ మరీ సరిచూసుకొన్న ఆయుధాన్ని పలుచని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి కొద్దిసేపు లోపల ఉంచి, నోరు, ట్రిగ్గర్ భాగం సరిగా కుదురుకొన్నాక తీసివేయవచ్చు. ఆయుధాన్ని అలాగే తడి ఒరలో రాత్రంతా వదిలేస్తే మాత్రం ఒర సంగతి ఎలా ఉన్నా ఉక్కు మీద తుప్పు ఖాయం.

చెమట నీటికన్నా మొండి శత్రువు, ఎందుకంటే నీరు ఆరిపోయినా దానిలోని ఉప్పు తోలులోనే మిగులుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కొని తోలును ఎప్పుడూ కొద్దిగా చెమ్మగా ఉంచి, ఒకవైపు పోగులను, మరోవైపు లోహాన్ని దెబ్బతీస్తుంది. ఒంటికి ఆనే వెనుకభాగం ముందు నల్లబడడానికి, అక్కడి కుట్టుదారం ముందు పుచ్చిపోవడానికి ఇదే కారణం. బనియను లేకుండా ఒరను ఒంటికి తగిలించుకోకపోవడం, రోజూ విప్పగానే వెనుకవైపును పొడిగుడ్డతో తుడిచి గాలికి పెట్టడం అనే రెండు అలవాట్లు ఏ ఖరీదైన పూతకన్నా ఎక్కువ ఫలితమిస్తాయి.

నూనె ఎందుకు వద్దు

తోలుకు నూనె పట్టించాలన్న మాట అనాదిగా వినిపించేదే. జీనులు, బండి వారులు వంటి వంగే వస్తువులకు అది సరైనదే. పశువుల కాలి ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె, మింక్ కొవ్వు, ఆముదం వంటివి పోగుల మధ్యకు చేరి వాటిని సులభంగా జారేలా చేస్తాయి కనుకనే తోలు మెత్తబడుతుంది. ఒర విషయంలో జారకూడనివి సరిగ్గా ఆ పోగులే. ఒకసారి లోపలికి ఇంకిన నూనెను పూర్తిగా బయటికి తీయడం సాధ్యం కాదు. పైగా గాలి తగిలి నూనె నెమ్మదిగా చిక్కబడి, రంగు ముదిరి, దుమ్మును పట్టుకొంటుంది. ఆయుధానికి రాసే గన్ ఆయిల్ కూడా ఇదే పని చేస్తుంది కాబట్టి ఆయుధాన్ని శుభ్రం చేసిన తరువాత పైపైన నూనె చెమ్మ మిగలకుండా తుడిచి మాత్రమే ఒరలో పెట్టాలి. నూనె కొత్తగా ఒలికితే వెంటనే అద్ది, మొక్కజొన్న పిండిగాని టాల్కం పౌడర్‌గాని చల్లి కొన్ని గంటలు ఉంచితే కొంత భాగాన్ని అది పీల్చుకొంటుంది.

కొత్త ఒర మరీ బిగుతుగా ఉన్నప్పుడు నూనె రాసి వదులు చేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. తయారీదారులు సాధారణంగా చెప్పే మార్గం వేరు: ఖాళీ చేసిన ఆయుధాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మెల్లగా ఒరలోకి పూర్తిగా దించి, ఒక రాత్రి ఉంచి, తీసి చూడాలి. చుట్టిన పొర మందం మేరకు తోలు విచ్చుకొంటుంది, అచ్చు మాత్రం చెదరదు. ఆ తరువాత కూడా బిగుతుగా అనిపిస్తే అదే పనిని మళ్లీ చేయాలి తప్ప నీటిని గాని నూనెను గాని ఆశ్రయించకూడదు.

శుభ్రం చేసే క్రమం

పని మొదలుపెట్టే ముందు ఆయుధాన్ని ఒర నుంచి తీసి, తూటాలన్నీ బయటికి తీసి, తూటా కూర్చునే గదిలో, అంటే ఛాంబర్‌లో, ఏమీ మిగలలేదని కంటితోనూ వేలితోనూ సరిచూసి, ఆయుధాన్ని, తూటాలను వేరొక గదిలో తాళం వేసి పెట్టడం తప్పనిసరి. శుభ్రం చేసే బల్ల మీద ఒర ఒక్కటే ఉండాలి. ఆ తరువాత మెత్తని కుంచెతో కుట్ల వెంబడి, అంచుల వెంబడి, పట్టీ మడతల్లో దుమ్మును దులపాలి. లోపలి ఇసుక రేణువులు ఆయుధపు పూతను గీరతాయి కనుక ఒరను తలకిందులుగా పట్టి తట్టి, చిన్న గొట్టం ఉన్న వాక్యూమ్‌తో లాగేయడం మంచిది. లోపలివైపు తోలు చాలా ఒరల్లో మాంసం వైపు భాగం, అంటే చర్మానికి శరీరంవైపు ఉన్న గరుకు భాగం. అది నీటిని బాగా పీలుస్తుంది కాబట్టి దాన్ని ఎప్పుడూ తడపకూడదు.

దుమ్ము పోయాక బయటివైపు నున్నని భాగాన్ని, అంటే ఒకప్పుడు రోమాలు ఉన్న వైపును, నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. చాలావరకు మురికి దీనితోనే పోతుంది. ఇంకా జిడ్డు మిగిలితే శాడిల్ సోప్ అనే, మైనం, గ్లిజరిన్ కలిసిన తోలు సబ్బును వాడవచ్చు, కాని వాడాల్సింది దాని నురగను మాత్రమే. స్పాంజిని దాదాపు పొడిగా పిండి, సబ్బు మీద రుద్ది, లేచిన నురగను తోలు మీద గుండ్రంగా తిప్పుతూ రాసి, వెంటనే వేరే చెమ్మగుడ్డతో తీసేయాలి. మొక్కల పదునైన తోలు స్వభావతః ఆమ్లగుణం కలది. సబ్బులు క్షారగుణం కలవి. క్షారం ఎక్కువసేపు నిలిస్తే టానిన్ల పట్టు సడలి తోలు నల్లబడుతుంది. అందుకే తోలు ఆమ్లగుణానికి సరిపడేలా తయారైన ద్రవ క్లీనర్లు సబ్బుకన్నా మెరుగు. బట్టల సబ్బు, వంటసోడా, పాత్రలు తోమే ద్రవం ఏ పరిస్థితిలోనూ వాడకూడదు.

అద్దాలు తుడిచే ద్రవాల్లో ఉండే అమోనియా గురించి విడిగా చెప్పుకోవాలి. అది తోలుకూ మంచిది కాదు, ఒర మీది ఇత్తడి గుండీలకూ మంచిది కాదు. బ్రిటిష్ పాలనాకాలంలో భారతదేశంలోని సైనిక శిబిరాల్లో వానకాలం గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన ఇత్తడి తూటా తొడుగులు ఎవరూ తాకకుండానే పగుళ్లు తీసేవి. వానకాలంలో కనిపించిన లోపం కనుక దానికి ఋతువు పేరే వచ్చింది. పశువుల మూత్రం నుంచి వెలువడే అమోనియా, లోహంలో తయారీ సమయంలోనే మిగిలిపోయిన లోపలి ఒత్తిడి, గాలిలోని తేమ కలిసి ఆ పగుళ్లను తెచ్చాయని 1921లో వెలువడిన పరిశోధన తేల్చింది. తోలు బెల్టులోని ఇత్తడి తూటాల దగ్గర అమోనియా ద్రవాన్ని వాడడం ఆ పాత పొరపాటును ఇంట్లో మళ్లీ చేయడమే.

తడి తోలుకు ఇనుము కూడా పడదు. టానిన్, ఇనుము కలిస్తే నల్లని సమ్మేళనం పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన ద్రావణంతో గీతలు గీస్తే అవి నల్లగా తేలడం ఈ రసాయన చర్యవల్లనే. బట్ట మీద కళ అయ్యే ఆ నలుపు ఒర మీద మచ్చ అవుతుంది. ఉక్కు పీచుతో తోమడం, తుప్పు పట్టిన ఆయుధాన్ని తడి ఒరలో పెట్టడం, చెమ్మ తోలును ఇనుప బీరువా అరమీద నేరుగా ఉంచడం వల్ల పడే నల్లచుక్కలు మురికి కావు కనుక ఎంత రుద్దినా పోవు. రుద్దేకొద్దీ పైపొర మాత్రమే అరిగిపోతుంది.

ఒర పూర్తిగా ఆరాక పలుచని పై రక్షణ పూతకు సమయం. తేనెమైనం, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నోబా మైనం కలిసిన రంగులేని క్రీమును మెత్తని గుడ్డతో బయటివైపు మాత్రమే, కనీకనిపించనంత పలుచగా రాసి, పది పదిహేను నిమిషాల తరువాత పొడిగుడ్డతో మెరుగుపెట్టాలి. మైనం పోగుల మధ్యకు ఇంకకుండా పైన నిలిచి నీటిని ఆపుతుంది కాబట్టి బిగువు తగ్గదు. రంగు పాలిష్ చొక్కాకు అంటుతుంది. లోపలివైపు ఏ పూతా వేయకూడదు. అక్కడ చేరిన మైనం దుమ్మును పట్టి ఆయుధాన్ని జిగురుగా బిగబట్టవచ్చు. చాలా కొత్త ఒరలకు కర్మాగారంలోనే పలుచని యాక్రిలిక్ పూత వేస్తారు కనుక దాని మీద క్రీము ఏడాదికి ఒకటి రెండుసార్లు సరిపోతుంది. అంచులు విచ్చుకొని పీచుగా మారితే కొద్దిగా తేనెమైనం అద్ది, నున్నని కర్రతో వేగంగా రాస్తే ఆ రాపిడి వేడికి పీచు అణిగి మళ్లీ గాజులా నునుపవుతుంది.

తెల్లటి పూత మూడు రకాలు

బీరువాలోంచి తీసిన ఒర మీద తెల్లటి పూత కనిపిస్తే అది బూజేనని వెంటనే నిర్ణయించరాదు. బూజు ఊలులా నిలబడి, అక్కడక్కడా గుండ్రని మచ్చలుగా, మాగిన వాసనతో ఉంటుంది. తోలులోని కొవ్వు చలికాలంలో పైకి ఉబికి గడ్డకట్టినప్పుడు ఏర్పడే పూత పొడిలా సమంగా పరచుకొంటుంది, దానికి వాసన ఉండదు. చెమట ఉప్పు పూత ఒంటికి ఆనే భాగంలో, ఆరిన తడి అంచు వెంబడి వంకరటింకర గీతగా కనిపిస్తుంది. జుట్టు ఆరబెట్టే యంత్రంతో కొంచెం దూరం నుంచి గోరువెచ్చని గాలిని ఒకటి రెండు క్షణాలు తగిలిస్తే కొవ్వు పూత కరిగి మాయమవుతుంది. చెమ్మగుడ్డ అద్దితే ఉప్పు పూత కరుగుతుంది. ఈ రెండింటికీ లొంగక తుడిచిన చోట మరక మిగిల్చేది బూజు. కొవ్వు పూత వల్ల నష్టమేమీ లేదు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఉప్పును పిండిన గుడ్డతో రెండు మూడుసార్లు, ప్రతిసారీ గుడ్డను కడిగి, కొద్దికొద్దిగా తీయాలి.

బూజు విషయంలో మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. గాలిలో తేమ 65, 70 శాతం దాటిన చోట అది సులభంగా పెరుగుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి కోస్తా పట్టణాల్లో వానకాలమంతా తేమ ఆ స్థాయికి పైనే ఉంటుంది. బూజు పట్టిన ఒరను ఇంటి బయటికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, మెత్తని కుంచెతో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమానంగా నీటితో కలిపి గుడ్డకు పట్టించి, ముందుగా కనిపించని మూలలో రంగు పోవడం లేదని పరీక్షించి, ఆ తరువాత పైపైన తుడిచి నీడలో ఆరబెట్టాలి. అదే బీరువాలో మళ్లీ పెడితే మళ్లీ వస్తుంది కనుక బీరువాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఉంచడం, అవి తేమతో నిండాక మార్చడం లేదా వేడిచేసి మళ్లీ వాడడం అవసరం.

ఒరలో దాచకూడనివి

ఒర ఆయుధాన్ని మోయడానికే గాని దాచడానికి కాదు. తోలు తన చుట్టూ ఉన్న గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది; దానిలోని ఆమ్లాలు, లవణాలు ఆ తేమతో కలిసి ఉక్కును రోజుల తరబడి తాకుతూ ఉంటే తుప్పు పట్టకుండా వేసే నీలిపూత ఉన్నచోట కూడా తుప్పు చుక్కలు పొడుస్తాయి. ఎన్నికల సమయంలో లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషన్లలో జమ చేయాలని ఆదేశాలు వెలువడినప్పుడు ఆయుధాన్ని తోలు ఒరతో సహా చుట్టి ఇవ్వడం వల్ల, వారాల తరువాత తిరిగి తీసుకొన్నప్పుడు ఈ చుక్కలు కనిపించే అవకాశం ఉంది. ఆయుధానికి పలుచగా నూనె రాసి విడిగా, ఒరను విడిగా ఉంచడమే సరైన పద్ధతి.

తోలు బెల్టు గూళ్లలో ఇత్తడి తూటాలను నెలల తరబడి వదిలేస్తే మరో సమస్య ఎదురవుతుంది. తోలులోని ఆమ్లాలు, కొవ్వు ఇత్తడిలోని రాగితో కలిసి ఆకుపచ్చని చిలుమును ఏర్పరుస్తాయి. జిగటగా ఉండే ఆ చిలుము తూటాను గూటికి అతికించడమే కాక, తుడవకుండా వాడితే ఆయుధపు ఛాంబర్‌లో ఇరుక్కుపోయేలా కూడా చేయగలదు. గట్టిగా గీకడం తూటా మీద చేయదగిన పని కాదు. పొడిగుడ్డకు లొంగని చిలుము పట్టిన తూటాను వాడకుండా పక్కన పెట్టి, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి సలహా తీసుకోవాలి. తోలు గూట్లోని చిలుమును పుల్లతో, పొడి కుంచెతో తీస్తే సరిపోతుంది. ఒరను భద్రపరచేటప్పుడు గాలాడని ప్లాస్టిక్ సంచిని వదిలి, పలుచని నూలు సంచిలో, పైన బరువు పడకుండా, లోపల కాగితం ఉండ కూర్చి ఉంచాలి. ఆ కాగితం వార్తాపత్రికది కాకుండా తెల్లకాగితమైతే సిరా అంటదు.

తాతల నాటి ఒరలు

పాత సంస్థానాల, సైనిక కుటుంబాల ఇళ్లలో వందేళ్ల నాటి ఒరలు అప్పుడప్పుడూ బయటపడుతుంటాయి. వాటిని చేత్తో తాకగానే వేళ్లకు ఇటుకరంగు పొడి అంటితే అది ఎర్ర కుళ్లు అనే రసాయనిక క్షయం. గాలిలోని గంధక వాయువులు తోలులో ఆమ్లంగా మారి పోగులను ముక్కలుగా విడగొట్టడం వల్ల అది వస్తుంది. లండన్‌లోని అథీనియం క్లబ్ గ్రంథాలయంలో తోలు అట్టలు పొడి అయిపోవడానికి గ్యాస్ దీపాలు కారణమని 1843లోనే మైకేల్ ఫారడే గుర్తించాడు. పుస్తకాల తోలుపై లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ నియమించిన సంఘం 1905 నివేదికలో, తంగేడు చెక్క వంటి బెరడులతో చేసిన పదును ఈ క్షయానికి త్వరగా లొంగుతుందని, సుమాక్ అనే మొక్క ఆకుతో చేసినది ఎక్కువకాలం నిలుస్తుందని తేల్చింది. పూలలో అంత మేలైన తంగేడు, తోలు విషయంలో అంత దీర్ఘాయువు ఇవ్వలేకపోయిందన్న మాట.

ఎర్ర కుళ్లు సోకిన తోలుకు నూనె పట్టిస్తే అది నల్లబడి మరింత పెళుసవుతుంది. నీరు తగిలితే ముడుచుకొని గట్టిపడుతుంది. మ్యూజియం నిపుణులు ఆల్కహాల్‌లో కరిగే సెల్యులోజ్ జిగురును పలుచగా పట్టించి పొడి రాలకుండా ఆపుతారు, జరిగిన నష్టాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తిప్పలేరు. ఒకప్పుడు మ్యూజియాలు కూడా పాత తోలుకు లానోలిన్, తేనెమైనం కలిసిన లేపనాలు తరచుగా పూసేవి. వాటివల్ల మేలు తక్కువ, జిడ్డు, మరకలు ఎక్కువని తేలడంతో ఆ అలవాటు చాలావరకు ఆగిపోయింది. ఇలాంటి ఒర ఎంత అపురూపమైనదైనా చూడడానికే గాని నిండు ఆయుధాన్ని మోయడానికి ఇక పనికిరాదు.

ఎప్పుడు వదిలేయాలి

వాడుకలో ఉన్న ఒరను నెలకొకసారి పరీక్షించడం శుభ్రతకన్నా ముఖ్యం. ఖాళీ ఒరను నిటారుగా పట్టి, నోటి అంచును బొటనవేలితో లోపలికి నొక్కి వదలాలి. తోలు వెంటనే తన స్థానానికి తిరిగి రావాలి. నొక్కిన చోటే నిలిచిపోతే, లేదా ట్రిగ్గర్ భాగాన్ని కప్పే గోడ వేలితో ఒత్తితే గుంటపడితే ఆ ఒర పని ముగిసినట్టే. కుట్టుదారం ఒక్కచోట తెగినా చేతికుట్టుతో చర్మకారుడు బాగుచేయగలడు. టిచ్‌ బటన్ వదులైతే మార్చవచ్చు. పట్టీ మొదట్లో పగులు కనిపిస్తే దాన్ని కొత్తగా వేయవచ్చు. తోలే బిగువు కోల్పోయినప్పుడు మాత్రం మరమ్మతు లేదు. మళ్లీ తడిపి అచ్చు వేస్తే గట్టిపడుతుందని కొందరు ప్రయత్నించినా, నూనె, చెమట చేరిన పాత పోగులు ముందటి పట్టును తిరిగి ఇవ్వవు, పైకి గట్టిగా కనిపించి కొద్ది రోజుల్లోనే మళ్లీ వాలిపోతాయి.

మంచి తోలు ఒరకు కావలసినవి మెత్తని కుంచె, పిండిన గుడ్డ, చిటికెడు మైనం, నీడలో ఆరే ఓపిక. వీటికి మించి ఏది చేయబోయినా దాన్ని తయారుచేసినవారు తోలులోకి ఎక్కించిన బిగువును తీసివేయడమే అవుతుంది. కొత్త ఒర ఖరీదు ఎంతైనా, లోపలికి వాలిన పాత ఒర నోటి దగ్గర జరిగే ఒక్క పొరపాటు ఖరీదుతో పోల్చితే అది లెక్కలోకి రాదు కనుక, బొటనవేలి పరీక్షలో ఓడిన ఒరను ఎంత ముచ్చటైనదైనా ఆ రోజే పక్కన పెట్టాలి.